సముద్రం లేని రేవు

ఓడలు ఆగే ఊళ్ళలో బజారు తీరు వేరుగా ఉంటుంది. ఒడ్డున దిగిన ప్రయాణికుని చేతిలో మూడు నాలుగు గంటలే ఉంటాయి. అతనికి ఊరు తెలియదు, ధర తెలియదు, మళ్ళీ వస్తాడన్న నమ్మకం లేదు. ఇంటి దగ్గర ఎదురుచూసే వారి పేర్లు మాత్రం నాలుక చివరన ఉంటాయి. అంగడివారికి ఈ సంగతులన్నీ తెలుసు. విశాఖపట్నంలో 2023లో విహార నౌకల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ తెరిచారు. అక్కడ ఓడ దిగి, ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి కొనుక్కొని సాయంత్రానికి తిరిగి ఓడ ఎక్కే యాత్రికుని స్థితి ఇదే.

మన తెలంగాణకు సముద్రం లేదు, కానీ రేవు ఉన్నది. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుండి శంషాబాద్‌కు మారింది. ఆనాటి నుండి పాలమూరు వైపు నుండి వచ్చే వారికి, విమానం ఎక్కబోయే ముందు చివరిసారి బండి ఆపుకొనే బజార్లలో కొత్తూరు ఒకటి. 2016 దాకా ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో చేరింది. నలభై నాలుగవ నంబరు జాతీయ రహదారి మీద ఒక వైపు కర్మాగారాలకు వెళ్ళే కార్మికుల రద్దీ, మరో వైపు ఇన్ముల్‌నర్వలోని జహంగీర్ పీర్ దర్గాకు మళ్ళే బండ్ల రద్దీ. దర్గాల వద్ద జరిగే కొన్ని పనుల గురించి మా అభిప్రాయం పాఠకులకు తెలిసినదే. ఇక్కడ అది మా విషయం కాదు. ఆ దారిన పోయే వారి కోసం పెట్టిన టోపీలు, తస్బీహ్‌లు, అత్తరు సీసాలు ఉమ్రాకు వెళ్ళే వారికీ పనికి వస్తాయి, గల్ఫ్‌కు పోయే కుర్రవాళ్ళకూ పనికి వస్తాయి. వాటి పక్కనే సూట్‌కేసులు, నైలాను తాళ్ళు, సామాను బరువు చూసుకొనే కొక్కెపు త్రాసులు, పచ్చళ్ళ సీసాలు వచ్చి చేరాయి.

మొన్నటి శీతాకాలంలో జడ్చర్ల అవతలి పల్లె నుండి ఉమ్రాకు బయలుదేరిన ఒక వృద్ధ దంపతులను సాగనంపడానికి మేమూ తుఫాను బండిలో కూర్చున్నాము. వారి మనవడు మా మదరసాలో చదువుతాడు. మేము చాచా అని పిలిచే ఆ పెద్దాయనది వ్యవసాయం. ఖాలా పాతికేళ్ళు కుట్టుమిషను మీద వంగి కూడబెట్టిన డబ్బుతోనే ఈ ప్రయాణం సమకూరింది. బండిలో పదమూడు మందిమి, పూలదండలు, ఒక ఆవకాయ జాడీ, అందరి దుఆలు. షాద్‌నగర్ దాటాక ఖాలా తన చిన్న చీటీ తీశారు. చాచాకు ఇహ్రామ్ వస్త్రాలు రెండవ జత, నడుముకు అరల బెల్టు, పాదం పైభాగం తెరచి ఉండే చెప్పులు, వాసన లేని సబ్బు, చక్రాలున్న సూట్‌కేసు. ఇవన్నీ ఊళ్ళోనే ఎందుకు కొనలేదని అడిగాము. “ఎయిర్‌పోర్టు దగ్గర మంచివి దొరుకుతాయని అందరూ చెప్పారు మౌల్వీ సాబ్” అన్నారు.

రేవు దగ్గర మంచివి దొరుకుతాయన్న నమ్మకం కొత్తది కాదు. మాకు చదువు చెప్పిన పెద్దలలో ఒకరు బొంబాయి నుండి ఓడలో హజ్‌కు వెళ్ళి వచ్చినవారు. ముసాఫిర్‌ఖానాలో పడుకొని ఓడ కోసం రోజుల తరబడి నిరీక్షించేవారమనీ, ఆ రోజులన్నీ చుట్టుపక్కల బజార్లలోనే గడిచేవనీ, ఓడ ఎక్కే నాటికి కొందరి చేతి డబ్బు సగం అక్కడే ఖర్చయిపోయేదనీ చెప్పేవారు. ఓడ యలమ్లమ్ ఎదుటికి రాగానే అందరూ ఇహ్రామ్ ధరించే దృశ్యాన్ని వర్ణిస్తూ ఆయన కంటతడి పెట్టేవారు. మరుక్షణమే, బొంబాయిలో కొన్న ట్రంకుపెట్టె తాళం సముద్రం మధ్యలో ఊడిపోయిన కథ చెప్పి నవ్వేవారు. 1995తో ఆ ఓడలు ఆగిపోయాయి. ఇప్పుడు నాంపల్లి హజ్ హౌస్ నుండి బస్సు, శంషాబాద్ నుండి విమానం, కొద్ది గంటలలో జిద్దా. నిరీక్షణ రోజుల నుండి గంటలకు తగ్గింది గాని, ఆ గంటలలో కొనవలసిన వస్తువుల చీటీ మాత్రం కురచ కాలేదు.

యాత్రలో కొనడం, అమ్మడం తప్పని మేము అనడం లేదు. అజ్ఞాన కాలంలో హజ్ రోజులలో ఉకాజ్, మజన్నా, జుల్ మజాజ్ సంతలు సాగేవి. ఇస్లాం వచ్చాక ఆ రోజులలో వ్యాపారం చేయడం పాపమేమోనని సహాబీలు వెనుకాడారు. ప్రభువు అనుగ్రహాన్ని అన్వేషించడంలో దోషం లేదని ఖుర్ఆన్ బఖరా సూరాలో వారికి అనుమతి లభించింది. జిద్దా ఊరికి ఆ పేరు ప్రతిష్ఠలు వచ్చినదీ రేవుగానే. హజ్రత్ ఉస్మాన్ (రజి) తమ ఖిలాఫత్ కాలంలో, హిజ్రీ 26లో, షుఐబాకు బదులు దానిని మక్కా రేవుగా చేశారు. 2014లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ పాత జిద్దాలో అలవీ బజారు సముద్రం వైపు నుండి మక్కా ద్వారం వైపు సాగుతుంది. ఓడ దిగిన యాత్రికులు ఆ బజారు మీదుగానే మక్కా దారి పట్టేవారు. కాబట్టి ఆరాధన పక్కన అంగడి ఉండటం వింత కాదు. ఆ అంగడి ఎలా నడుస్తున్నదన్నదే ప్రశ్న.

కొత్తూరు చేరగానే డ్రైవరు మమ్మల్ని అడగకుండానే ఒక దుకాణం ముందు ఆపాడు. “మనవాళ్ళదే, అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి” అన్నాడు. దొరికాయి కూడా. సూట్‌కేసు ధర రెండు వేల ఎనిమిది వందలు చెప్పారు. ఖాలా బేరం ఆడలేదు. పవిత్ర యాత్రకు పోతూ బేరమాడితే బాగుండదేమోనని ఆమె సంకోచం. పైగా బండిలోని వారు, టైమవుతున్నది, టైమవుతున్నది అని తొందరపెడుతున్నారు. అమ్మే కుర్రవాడు మర్యాదస్తుడే. గుబాళించే సబ్బును తీసుకోబోతున్న చాచాను ఆపి, ఇహ్రామ్‌లో అది కూడదని తానే చెప్పి వాసన లేనిది ఇచ్చాడు. ఆ మాట మేము చెప్పవలసినది, అతను ముందుగా చెప్పాడు. కానీ అదే కుర్రవాడు ఇంటి వంటకని ఒక మసాలా పొట్లం కూడా చేతిలో పెట్టబోయాడు. పొట్లం మీద చదివితే అందులో గసగసాలు ఉన్నాయి. మన కుర్మాలో రోజూ వేసుకొనే గసగసాలు సౌదీ అరేబియాలో నిషిద్ధ వస్తువు. దానితో పట్టుబడితే యాత్ర సంగతి అటుంచి, చెరసాల సంగతి చూసుకోవలసి వస్తుంది. పొట్లం వెనక్కి ఇచ్చేశాము. ఆవకాయ జాడీ గురించి కూడా అక్కడే తెగింది. చేతి సంచిలో వంద మిల్లీలీటర్లకు మించిన ద్రవాలను, నూనె పచ్చళ్ళను తనిఖీలో తీసి పక్కన పెడతారు. దానిని సూట్‌కేసులో, బట్టల మధ్య, రెండు పొరల కవరు చుట్టి పెట్టాము. ఇలాంటివి ఉమ్రా శిక్షణ తరగతులలో దుఆలతో పాటు చెప్పాలని ఆ రోజే అనుకున్నాము.

విమానాశ్రయంలో బండి దిగి ఇరవై అడుగులు లాగారో లేదో, సూట్‌కేసు చక్రం ఒకటి ఊడి దొర్లిపోయింది. చాచా మారు మాట లేకుండా కొత్తూరులో కొన్న నైలాను తాడు దానికి చుట్టి, ఎత్తి బండిమీద పెట్టారు. ఖాలా ముఖం చూడలేకపోయాము. వస్తువు పోయిందని కాదు, అల్లాహ్ ఇంటికి పోతూ మొదటి కొనుగోలే ఇలా అయిందేమిటన్న దిగులు. విరిగిన చక్రాన్ని ఏరి మా జేబులో వేసుకున్నాము.

మన ఫిఖహ్ పండితులు ఈ పరిస్థితిని ఎన్నడో ఆలోచించి పెట్టారు. సరుకు తెచ్చే బిడారులకు ఊరి బయటనే ఎదురు వెళ్ళి, వారికి సంత ధర తెలియకముందే కొనేయడాన్ని దైవప్రవక్త (స) వారించారు. అలా అమ్మిన వారు సంతకు చేరి ధర తెలుసుకున్నాక ఆ బేరాన్ని రద్దు చేసుకొనే హక్కు కూడా ఇచ్చారు. ఇక్కడ తెలియనివాడు అమ్మేవాడు. కొనేవాడు తెలియనివాడైతే? ధర ఎరుగక, బేరం రాక, అమ్మేవారి మాట మీద వాలిపోయే వ్యక్తిని పండితులు ‘ముస్తర్సిల్’ అన్నారు. అతని దగ్గర విపరీతంగా ఎక్కువ తీసుకుంటే బేరం తిప్పివేయవచ్చని మాలికీ, హంబలీ పండితులు చెప్పారు. మా హనఫీలలో ఫత్వా ఇచ్చినవారు, మోసపు మాట కూడా కలిసినప్పుడు ఆ హక్కు ఇచ్చారు. ఇక లోపమున్న వస్తువును తిరిగి ఇచ్చే హక్కు గురించి భిన్నాభిప్రాయమే లేదు. మధ్యవర్తి కూలి తీసుకోవచ్చు, అది దాపరికం లేని కూలి అయితే. కొనేవారితో ‘మనవాళ్ళదే’ అని, వారికి తెలియకుండా వారి ధరలోనే తన వాటా కలిపించుకోవడం కూలి కాదు.

ఈ పాఠాన్ని జేబులోని చక్రంతో సహా పట్టుకొని, తిరుగు దారిలో అదే దుకాణం మెట్లు ఎక్కాము. అంతకు ముందే శంషాబాద్‌లో అదే రకం సూట్‌కేసు ధర అడిగితే పదిహేడు వందలు అన్నారు. ఈసారి గల్లా దగ్గర యజమాని ఉన్నారు, మా వయసు వారే. చక్రం బల్ల మీద పెట్టి విషయం చెప్పాము. ఆయన వాదించలేదు. కాసేపు చక్రాన్నే చూసి, ఎనిమిది వందలు లెక్కపెట్టి ఇచ్చారు. “మిగతాది మీ డ్రైవరు దగ్గర ఉన్నది హజ్రత్. బండి నా దగ్గర ఆగాలంటే వాళ్ళకు ఇవ్వాలి. ఇవ్వకపోతే పక్క దుకాణం ముందు ఆగుతుంది. విమానం ఎక్కేవాడు ఎలాగూ తిరిగి రాడు. మీరొక్కరే వచ్చారు” అన్నారు. డ్రైవరు బయట టైర్లు తన్ని చూసుకుంటున్నాడు.

మేము లేచే సమయానికి ఆయన మరొక మాట అన్నారు. “ఒక్క సంగతి చెప్పండి. నా దుకాణంలో ఖర్జూరం డబ్బాలు ఎవరు కొంటారనుకున్నారు? సగానికి సగం మక్కా నుండి తిరిగి వచ్చేవాళ్ళు. విమానంలో బరువు చాలలేదు, చుట్టాలు నలభై ఇళ్ళు. ఇక్కడ కొని, డబ్బా పారేసి, కవర్లో పోసుకొని పోతారు. ఇంటికి పోయి ఎక్కడివని చెబుతారో మీకు తెలుసు కదా.”

మాకు తెలుసు. చాలా ఏళ్ళ క్రితం మేము ఉమ్రా చేసి వచ్చినప్పుడు మదీనా నుండి తెచ్చినవి మూడు కిలోలు. వీధి పెద్దది, మదరసా ఉపాధ్యాయుడు ఉమ్రా చేసి వచ్చాడంటే పలకరించడానికి వచ్చేవారూ ఎక్కువే. రెండవ రోజుకే అవి అయిపోయాయి. హైదరాబాద్ బజారులో మరో అయిదు కిలోలు తెప్పించాము. మదీనావని మేము నోటితో అనలేదు. కావని కూడా అనలేదు. ఎదురింటి వృద్ధురాలు తన వంతుకు వచ్చిన మూడు పండ్లను కళ్ళకు అద్దుకొని, ఒకటి తిని, గింజను కొంగున ముడి వేసుకున్నారు. ఆ గింజ బజారుది. ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని బయటపెట్టిన ప్రవక్త (స) హదీసును మేము ప్రతి సంవత్సరం పిల్లలకు చెబుతాము. అమ్మేవాడికే ఆ హదీసు వర్తిస్తుందన్నట్లు చెబుతూ వచ్చాము. ఆమె ఇప్పుడు లేరు. నిజం చెప్పవలసిన మనిషి లేకుండా పోయాక మిగిలేది ఆమె కోసం చేసే దుఆ ఒక్కటే, అది చేస్తున్నాము. దుకాణదారుకు జవాబు మాత్రం ఏమీ చెప్పలేదు. సలాం చెప్పి మెట్లు దిగాము.

పదిహేను రోజులకు చాచా, ఖాలా తిరిగి వచ్చారు. అదే తాడు చుట్టిన సూట్‌కేసు, అయిదేసి లీటర్ల జమ్‌జమ్ సీసాలు రెండు, ఖర్జూరం రెండు కిలోలు. ఎనిమిది వందలు ఆమె చేతిలో పెట్టి, జరిగినదంతా చెప్పాము, మా ఖర్జూరాల సంగతితో సహా. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. బండి కొత్తూరు చేరేసరికి, “ఆ దుకాణం దగ్గరే ఆపమను నాయనా” అన్నారు. ఈసారి డ్రైవరు వేరే మనిషి. ఆమె దిగి, ఈసారి గట్టిగా బేరమాడి, ఆ డబ్బుతోనే ఖర్జూరం కొన్నారు.

మర్నాడు వారింటికి వెళ్ళాము. వచ్చినవారి ముందు ఖాలా రెండు పళ్ళాలు పెట్టారు. “ఇవి మదీనావి, మనిషికి ఒకటి. ఇవి కొత్తూరువి, కావలసినన్ని తినండి” అంటూ ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెబుతున్నారు. పెద్దలు మొదటి పళ్ళెం వైపు చేతులు చాచి, బిస్మిల్లా అని ఒక్కొక్కటే తీసుకున్నారు. పిల్లలకు కొత్తూరువే పెద్దవిగా, మెత్తగా కనిపించాయి. మేము చాయ్ తాగి లేచే లోపల ఆ రెండవ పళ్ళెంలో గింజలే మిగిలాయి.