సాగరతీరాన మలిసంధ్య ఇళ్లు

లండన్‌ విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కితే గంటన్నరలో ఈస్ట్‌బోర్న్‌. ఇంగ్లండ్‌ దక్షిణ తీరంలోని ఈ ఊళ్లో సముద్రానికి ఎదురుగా దుకాణాల సందడి ఉండదు. తెల్లటి పాతకాలపు హోటళ్లు, పూలమళ్లు, నీళ్లలోకి వంతెనలా సాగిన 1870 నాటి పియర్‌... పడమటి వైపు బీచీ హెడ్‌ సుద్దకొండ. కమ్యూనిస్టు మేధావి ఎంగెల్స్‌కు ఈ ఊరంటే మహా ఇష్టం. 1895లో ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని ఇక్కడి సముద్రంలో కలిపారు.

ఒడ్డున బెంచీల మీద ఎక్కువగా నెరిసిన తలలే కనిపిస్తాయి. రిటైరయ్యాక సముద్రం దగ్గర ఇల్లు తీసుకోవడం ఇంగ్లిషువాళ్ల పాత ముచ్చట. వెనక వీధుల్లోకి వెళితే పెద్దపెద్ద బంగళాల ముందు బోర్డులు... 'కేర్‌ హోమ్‌', 'నర్సింగ్‌ హోమ్‌'.

మనవాళ్లు తికమకపడేది ఇక్కడే. గుంటూరులోనో కరీంనగర్‌లోనో నర్సింగ్‌ హోమ్‌ అంటే కాన్పులు చేసే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ఇంగ్లండ్‌లో మాత్రం అది పెద్దలు స్థిరంగా ఉండిపోయే ఇల్లు. రాత్రీపగలూ అర్హత ఉన్న నర్సు ఉంటారు. మామూలు రెసిడెన్షియల్‌ హోమ్‌లో స్నానం చేయించడం, బట్టలు వేయడం, వేళకు మందులివ్వడం వరకే. నర్సు ఉండి తీరాలన్న నియమం లేదు. మతిమరుపు జబ్బు ముదిరినవారిని చూసుకునే ఇళ్లు వేరే ఉన్నాయి. ఇక షెల్టర్డ్‌ హౌసింగ్‌ అసలు కేర్‌ హోమే కాదు. ఎవరి ఫ్లాటు వారిది, ఆపదొస్తే నొక్కడానికి ఒక గంట ఉంటుంది. ఈ తేడా తెలియక చేరిస్తే, జబ్బు ముదిరిన రోజున ఎనభై ఏళ్ల మనిషి మళ్లీ పెట్టె సర్దుకోవాల్సిందే!

ఇంగ్లండ్‌లో కేర్‌ హోమ్‌ నడపాలంటే కేర్‌ క్వాలిటీ కమిషన్‌ దగ్గర నమోదు తప్పనిసరి. ఈ సంస్థ 2009లో పని మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టర్లు చెప్పకుండా కూడా వస్తారు. అద్భుతం, బాగుంది, మెరుగుపడాలి, పనికిరాదు... ఈ నాలుగింట్లో ఒక రేటింగు ఇస్తారు. దాన్ని అందరికీ కనబడేలా పెట్టాలని 2015 నుంచి చట్టం. హోటల్‌కు నక్షత్రాల్లాగన్నమాట. అయితే రేటింగు కన్నా దాని కింది తేదీ ముఖ్యం. కొన్నిచోట్ల రేటింగులు ఏళ్ల నాటివని 2024లో ప్రభుత్వం వేయించిన సమీక్షలోనే బయటపడింది.

ఖర్చు సంగతికొస్తే, ఆస్తి 23,250 పౌండ్లు దాటితే సాధారణంగా అంతా సొంత డబ్బే. ఒంటరి మనిషైతే సొంతిల్లూ లెక్కలోకొస్తుంది. అందుకే ఇల్లమ్మి ఫీజు కట్టేవాళ్లు అక్కడ కొత్తేమీ కాదు. ఈ ఇళ్లలో చాకిరీ చేసే చేతుల్లో పరాయి దేశాలవీ చాలానే ఉన్నాయి. 2022లో వీసాలు సడలించాక వెళ్లినవారిలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. 2025 జులైలో ఆ దారి మూసేశారు.

మన దగ్గర 2007 నాటి చట్టం జిల్లాకొకటైనా, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడా ఆశ్రమం ఏర్పాటు చేయవచ్చంది. డబ్బు కట్టి చేరే ప్రైవేటు ఆశ్రమాలకు మాత్రం దేశమంతటికీ ఒకే తనిఖీ సంస్థ లేదు, గుమ్మంలో రేటింగూ లేదు. కాబట్టి చేర్పించేవాళ్లే అడగాలి... రాత్రి పూట నర్సు ఉంటారా? మంచం పట్టాక కూడా ఉంచుకుంటారా, ఇంటికి తీసుకుపొమ్మంటారా?