ప్లంబర్ వెళ్లిపోయాక గోడ ఎవరిది?

ప్లంబర్ వస్తాడు, గోడ కోస్తాడు, పైపు మారుస్తాడు. డబ్బులు తీసుకుని "మిగతాది మేస్త్రీతో చేయించుకోండి సార్" అని వెళ్లిపోతాడు. మేస్త్రీ వచ్చి "లోపల లీకైతే నాకు సంబంధం లేదు సార్" అని ముందే చెప్పేస్తాడు. మరి మధ్యలో ఆ గోడ ఎవరిది? అచ్చంగా మనదే!

మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్. 2009లో నాన్న కొన్నారు. కింది ఫ్లాట్ ఆంటీ వాళ్ల సీలింగ్ మీద తడి మచ్చ వచ్చింది. చూస్తే మా బాత్రూమ్ గోడలో ఉన్న జీఐ పైపు తుప్పు పట్టి కారుతోంది. ప్లంబర్ గీజర్ నుంచి షవర్ కుళాయి దాకా గోడ కోసి, సీపీవీసీ పైపులు వేశాడు. ఎనిమిది టైల్స్ ముక్కలయ్యాయి.

ఇంట్లో ఇంకో బాత్రూమ్ ఉంది. కానీ అందులో ఇండియన్ టాయిలెట్. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలే, కింద కూర్చోలేరు. ఆయన కోసం కమోడ్ కుర్చీ తెచ్చాం. మోకాలి నొప్పి కంటే ఆ కుర్చీ దగ్గర పడే మొహమాటమే ఆయనకి ఎక్కువ కష్టం. పైకి ఏమీ అనరు. రోజూ సాయంత్రం "ఎంతవరకొచ్చిందిరా?" అని అడుగుతారు, అంతే.

అందుకే అమ్మ "రేపే మూయించెయ్" అంది. మేస్త్రీ కూడా రెడీ. నేను మాత్రం ప్లంబర్‌ని మళ్లీ పిలిపించాను. టెస్ట్ చేయకుండా కోడ్ రిలీజ్ చేయం కదా, గోడ ఎలా మూస్తాం? పైపుల చివర్లు మూసి, చేతి పంపుతో ప్రెషర్ ఎక్కించి, మీటర్ ముల్లు ఎక్కడుందో ఫోటో తీసుకున్నాను. 24 గంటలయ్యాక చూస్తే ముల్లు దిగింది. గీజర్ కింద జాయింట్ దగ్గర చెమట పట్టినట్టు తడి!

ఆ జాయింట్ కోసేసి కొత్తది వేయడం, మళ్లీ టెస్ట్... ఇంకో రెండు రోజులు. ఈ మాట నాన్నకి ఎలా చెప్పాలా అనుకుంటూ వెళ్లాను. టీవీ సౌండ్ తగ్గించి విన్నారు. "మూశాక తెలిస్తే మళ్లీ పగలగొట్టాల్సొచ్చేది కదా. కానీయ్" అన్నారు.

టైల్స్ వేస్తే నీళ్లు లోపలికి పోవనుకుంటాం. టైల్ ఆపుతుంది గానీ, టైల్స్ మధ్య సందుల్లోని సిమెంట్ గ్రౌట్ నీళ్లు పీలుస్తుంది. అందుకే అసలు పని టైల్ వెనకాల ఉంటుంది. మేస్త్రీ గాడిలో దుమ్ము దులిపి, తడిపి, సిమెంటు మాలు నింపాడు. పాత గోడా కొత్త మాలూ కలిసే చోట పగుళ్లు రాకుండా చికెన్ మెష్ వేశాడు. కొన్ని రోజులు నీళ్లు కొట్టి, ఆరనిచ్చి, వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు పూశాడు. టైల్స్ అతికించిన మర్నాడు ఒక్కోదాన్నీ తాపీ పిడితో తట్టి విన్నాడు. బోలుగా మోగినదాన్ని ఊడదీసి మళ్లీ వేశాడు. ఆ తర్వాతే గ్రౌట్.

ఇక మ్యాచింగ్ టైల్స్ కోసం మియాపూర్ నుంచి బాలానగర్ దాకా తిరిగాను. లేత ఆకుపచ్చ, 12x18 సైజు. షాపుల వాళ్లు నా చేతిలో ముక్క చూసి నవ్వారు. మన దేశంలో టైల్స్ ఎక్కువగా గుజరాత్‌లోని మోర్బీలో తయారవుతాయి. అక్కడ పాత డిజైన్లు పోయి కొత్తవి వస్తూనే ఉంటాయి. అదే డిజైన్ దొరికినా బ్యాచ్ మారితే రంగు తేడా వస్తుంది. పెట్టె మీద షేడ్ నంబర్ వేసేది అందుకే.

దగ్గరి రంగుది అతికిస్తే మాసిక వేసినట్టు ఉంటుంది. దానికంటే పూర్తిగా వేరే రంగే నయం అనిపించింది. పగిలిన వరసల కింద మిగిలిన రెండు టైల్స్ కూడా తీయించి, నేల నుంచి పైదాకా తెల్లటి పట్టీలా వేయించాను. ఆ రెండూ పగలకుండా వచ్చాయి. అటక మీద దాచాను.

గోడ ఎలాగూ తెరిచి ఉందని నాన్న కోసం స్టీల్ హ్యాండ్‌రైల్ కూడా పెట్టించాం. మూసేముందు పైపుల పక్కన టేపు పెట్టి ఫోటోలు తీశాను. డ్రిల్లింగ్ రోజు మేస్త్రీ ఆ ఫోటో చూసే పైపులు తప్పించి, ఇటుక దాకా బోల్టులు దింపాడు.

లెక్క చూస్తే పైపుకి 7 వేలు, గోడకి 18 వేలు!

నాన్న వచ్చి చూసి "రంగు కలవలేదురా" అన్నారు. ఆ ఆకుపచ్చ ఆయన, అమ్మ కలిసి ఎంచుకున్నది. హ్యాండ్‌రైల్ పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగి చూశారు. ఏమీ అనకుండా లోపలికెళ్లి తలుపేసుకున్నారు.

మీ ఇంట్లోనూ గోడ కోయాల్సొస్తే, మూసేముందు రెండు పనులు చేయండి. ఒక రోజంతా ప్రెషర్ టెస్ట్ పెట్టండి. టేపు పెట్టి ఫోటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పడేయండి. కొత్తగా టైల్స్ వేయిస్తున్నవాళ్లయితే ఒక పెట్టె ఎక్కువ కొని దాచుకోండి. పదిహేనేళ్ల తర్వాత ఏ షాపులోనూ దొరకవు.