పాట వెనక మోత

విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్లే రహదారి మీద, కుంట దాటాక వచ్చే దోర్నపాల్‌లో ఓ చిన్న ఫొటో స్టూడియో. దాని యజమాని ఆ రోజు ఒక్క ఫొటో కూడా తీయలేదు. బల్ల మీద రెండు కంప్యూటర్లు, మధ్య గజం పొడవు వైరు. పాత డెస్క్‌టాప్‌లో అమ్మమ్మ దోర్లా భాషలో పాడిన 11 పాటలున్నాయి. యూఎస్‌బీ పోర్టులు, సీడీ రైటర్ ఎప్పుడో పాడయ్యాయి. హార్డ్‌డిస్క్ టక్‌టక్‌మంటోంది, విప్పితే మళ్లీ తిరుగుతుందన్న భరోసా లేదు. అందుకే ఇందులో పాట మోగిస్తూ అందులో రికార్డు చేయాలనుకున్నాడు. పాటైతే వచ్చింది. దాంతోపాటు తేనెతుట్టె కదిపినట్టు జుమ్మనే మోతా వచ్చింది.

2005లో సల్వాజుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. కొందరు అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వలసపోతే, వేలాది మంది రోడ్డు పక్క శిబిరాలకు చేరారు. దోర్నపాల్ శిబిరం వాటిలో పెద్దది. 2011లో సుప్రీంకోర్టు ఆ ప్రయోగాన్ని తప్పుబట్టేనాటికి ఒక తరం పిల్లలు శిబిరంలోనే పెరిగారు. ఊరొదిలినప్పుడు అమ్మమ్మ తెచ్చుకోగలిగినవి పాటలే. 2008లో గుడిసె ముందు ఆమెను కూర్చోబెట్టి మనవడు సెల్‌ఫోన్‌లో రికార్డు చేశాడు. ఇప్పుడామె లేదు. అతని పిల్లలు బడిలో హిందీ, బజార్లో తెలుగు మాట్లాడతారు.

మొదటి తప్పు త్వరగానే దొరికింది. డెస్క్‌టాప్ ఆకుపచ్చ రంధ్రం నుంచి వచ్చే సిగ్నల్ దాదాపు ఒక వోల్టు. ల్యాప్‌టాప్ మైకు రంధ్రం ఎదురుచూసేది కొన్ని మిల్లీవోల్టులే. చెంబులోకి బిందెడు నీళ్లు గుమ్మరించినట్టన్నమాట. మైక్ బూస్ట్ తీసేసి, అవతల వాల్యూమ్ బాగా తగ్గిస్తే గొంతు చిట్లడం ఆగింది. జుమ్మనే మోత మాత్రం పోలేదు.

తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు.

"ప్లగ్గులో పైనున్న లావు పిన్ను పీకెయ్ తమ్ముడూ, పోతుంది."

"షాక్ కొడితేనో అన్నా?"

ఆ సందేహమే సరైనది. ఎర్తు తీసేస్తే మోత పోవచ్చు. కానీ లోపల ఎక్కడైనా కరెంటు లీకైతే దాన్ని భూమిలోకి పంపే దారీ పోతుంది. అసలు చిక్కు ఎర్తు ఉండటం కాదు, రెండు దారుల్లో ఉండటం. రెండు యంత్రాలూ వేర్వేరు బోర్డుల నుంచి ఎర్తుకు కలిశాయి. ఆడియో వైరు వాటిని మళ్లీ కలిపి వలయం పూర్తి చేసింది. రెండు ఎర్తుల మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజీ తేడాకు ఆ వైరులో కరెంటు ప్రవహిస్తుంది. సెకనుకు 50 సార్లు ఊగే ఇంటి కరెంటే అలా పాటలోకి చొరబడింది.

రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే మోత సగమైంది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకగానే పూర్తిగా ఆగింది. బ్యాటరీ మీద నడిస్తే వలయం తెగినట్టే. బ్యాటరీ నిలవని వారికి కారు స్టీరియోల దుకాణాల్లో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ దొరుకుతుంది. అందులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు రెండు వైపులకూ వైరు సంబంధం లేకుండా, అయస్కాంత శక్తితో శబ్దాన్ని మాత్రం దాటిస్తాయి.

అతని బ్యాటరీ అరగంటకు మించి ఆగదు. నాలుగేసి పాటలు, మధ్యలో చార్జింగ్. అలా మూడు విడతల్లో 11 పాటలూ వచ్చేశాయి. మిగిలిన చిన్నాచితకా చప్పుళ్లనూ సాఫ్ట్‌వేర్‌తో తుడిచేద్దామని చూశాడు. తుడిస్తే చరణాల మధ్య అమ్మమ్మ ఊపిరి కూడా పోతోంది. వదిలేశాడు.

రాత్రి తల్లికి వినిపించాడు. నాలుగో పాటలో ఎక్కడో కోడి కూసింది. అంతదాకా మాట్లాడకుండా విన్న తల్లి తలెత్తింది.

"అది మన కోడేరా" అంది.