వెలుతురు కొలుచు మీటరు

ఫిలిము కెమెరా పట్టువారు నేడు మంగళగిరిలో కొలదిమంది మాత్రమే. అందు మేమును ఒకరము. ఏ కెమెరా కొనవలెనని మమ్ము అడుగు బాలురు పలువురు గలరు. మీటరును గూర్చి అడిగినవారు లేరు గావున అడుగకయే చెప్పుచున్నాము.

మధ్యాహ్నపుటెండలో గాలిగోపురమును తీయువానికి మీటరుతో పనిలేదు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు 1807-09 సంవత్సరములలో కట్టించిన ఆ 11 అంతస్తుల గోపురమునకు, 100 వేగముగల ఫిలిముతో, అపర్చరు 16 నకు త్రిప్పి సెకనులో 125వ వంతు తెరచిన చాలును. చిక్కంతయు వీధి విడిచి నేతగాని పెంకుటింట గుంటమగ్గము ముందు నిలిచినప్పుడే. కనుపాప తనంతట విప్పారును గాన లోపలను వెలుతురు చాలినట్లే తోచును. ఒకనాడు మేము కొలిచి చూడగా వీధికిని మగ్గమునకును 9 స్టాపులు, అనగా 512 రెట్లు, భేదము కనబడినది!

ఆనాడు మేము తీయబోయినది ఒక వృద్ధుని పటము. మోకాళ్లు సహింపక ఆయన మగ్గము మానుచుండెను. ఆ నిజాం అంచు చీరయే కడపటిది. మరునాడు మగ్గము విప్పుదురు. మగ్గముపై తెల్లని పడుగు. దూరమునుండి మీటరును దానివైపు చూపినచో, అది దేనినైనను నడిమి బూడిదవన్నెగా నెంచి వెలుతురు తగ్గింపుమనును. తాతగారి మొగము నల్లబడును. అందుచే మీటరుపై తెల్లని గుబ్బను అమర్చి, ఆయన చెక్కిలియొద్ద నుంచి, గుబ్బను కెమెరావైపు త్రిప్పి కొలిచితిమి. ఇట్లు కొలిచినచో వస్తువు వన్నెతో నిమిత్తము లేదు; దానిపై బడు వెలుతురే లెక్క. మొగపు ముడుతలును, పడుగు పోగులును పటములో నిలిచినవి. గుబ్బలేని మీటరును కొనుమని మేము ఎవరికిని చెప్పము.

సెలీనియము మీటరునకు బ్యాటరీ వలదు. వెలుతురే దానికి విద్యుత్తు. వెస్టన్ వారు 1932లోనే ఇట్టిది చేసిరి. ముచ్చటైన సాధనమే గాని, మసకలో ముల్లు కదలీ కదలనట్లుండును; ఏండ్లు గడచినకొలది రేకు నీరసించును. పాతది కొనువారు చేతితో మూసి ముల్లు సున్నకు వచ్చునో లేదో చూడవలెను. పిదప ఎండలోను గదిలోను, రెండుచోట్లను, మంచి మీటరుతో పోల్చవలెను. ఎండలో సరిపోయి గదిలో తప్పునవి కలవు. గోసెన్ లూనసిక్స్ 3 చీకటికి దొడ్డది. అయితే అది 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీలకై చేయబడినది. వాని తయారీ నిలిచిపోయినది. వానికి బదులు 1.5 వోల్టులవి పెట్టిన లెక్క తప్పును. సెకోనిక్ ఎల్-308 ఒక్క పెన్సిలు సెల్లుతో నడచును. అది కిరాణా అంగడిలోనే దొరకును గాన మాకు నచ్చినది.

కృష్ణ దాపున ఉన్న ఊళ్లలో వానకాలపు తేమయే మీటరునకు పగ. బిగుతైన మూతగల డబ్బాలో సిలికాజెల్ పొట్లము నుంచవలెను. గుబ్బపై పేరుకొను నూలుదుమ్మును మెత్తని బ్రష్షుతో తీయవలెను, స్పిరిటు తగులరాదు. నెలకు మించి వాడనిచో సెల్లు తీసివేయుడు, కారినది లోపలి రేకులను తినివేయును. ముల్లు మీటరును త్రాటితో మెడను వేసికొనుడు. ఒక్కమారు నేల బడినను ముల్లు ఇరుసు చెడవచ్చును. ఎండలో నిలిపిన కారులో మాత్రము దేనిని విడువకుడు.