విష్ణుక్రాంత: నిరీక్షించే బీజం

వినాయక చతుర్థినాడు అర్పించే ఇరవైయొక్క పత్రాలలో విష్ణుక్రాంత ఒకటి. నేలను అంటి ప్రాకే అల్పమైన ఓషధి ఇది. దీని గోరంత నీలిపుష్పం ఉదయాన వికసించి మధ్యాహ్నానికి ముకుళిస్తుంది. పూజకై దీనిని వెదికేవారు అనేకులు. దీని మనుగడను విచారించేవారు అరుదు.

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయలో ఉన్నది. సాలీనా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా సకాలంలో కురుస్తుందన్న నమ్మకం లేదు. తొలకరిని నమ్మి వేసిన వేరుశనగ మొలకెత్తి, మలివాన రాక మాడిపోవడం ఇక్కడి కర్షకునికి అనుభవైకవేద్యం. అదే సీమలో విష్ణుక్రాంత నిలిచి ఉండటానికి దాని బీజస్వభావమే ఒక కారణం. ఈ కుటుంబపు మొక్కలలో అధికభాగానికి నీటిని చొరనివ్వని కఠినమైన బీజావరణం ఉంటుంది. అందుచేత విత్తులన్నీ ఒకే వానకు మొలవవు. కొన్ని మొలకెత్తగా, తక్కినవి మట్టిలో నిరీక్షిస్తాయి. మొదటివి ఎండినా వంశం నశించదు. వేదాంతంలో ఆవరణం స్వరూపాన్ని కప్పే దోషం. ఈ బీజానికి అదే రక్ష.

చెన్నేకొత్తపల్లి సమీపాన 1990లో ప్రారంభమైన టింబక్టు కలెక్టివ్ కృషిలోనూ ఇట్టి ఓర్పే కనిపిస్తుంది. సుమారు 32 ఎకరాల బీడును అగ్ని నుండి, మితిమీరిన మేత నుండి కాపాడి, వాననీటిని నిలిపి, ప్రకృతి తనంతట తాను కోలుకొనే అవకాశమిచ్చారు. పిదప ముష్టికోవెల పరిసర గ్రామాల ఉమ్మడి భూములలో కల్పవల్లి పేరిట ఆ ప్రయత్నం విస్తరించింది. గడ్డినేలలను పునరుద్ధరించడానికి ఎల్లెడలా గుంతలు త్రవ్వి దట్టంగా వృక్షాలు నాటడం తగదు. ఎండను కోరే చిన్న ఓషధులు ఆ నీడలో క్షీణిస్తాయి.

విష్ణుక్రాంతను పెంచగోరువారు పండి గోధుమవర్ణం దాల్చిన కాయలను, కొన్నిటిని తల్లిమొక్కకే విడిచి, సేకరించాలి. గింజలను ఇసుకతో మృదువుగా రుద్ది, వర్షారంభంలో గులకనేలపై చల్లి, పలుచగా మన్ను కప్పితే చాలు. ఎరువు అక్కరలేదు. కొన్ని గింజలను రుద్దకుండానే చల్లడం వివేకం. అవి రానున్న ఏళ్ల కోసం. ఎప్పుడు మొలుస్తాయో తెలియని విత్తును శ్రద్ధతో చల్లడంకన్న సులభమైన నిష్కామకర్మాభ్యాసం గృహస్థునికి వేరొకటి దొరకదు.

చవితినాడు సమూలంగా పెకలించిన మొక్క ఇక కాయ కాయదు. పూజ అడిగినది పత్రాన్ని మాత్రమే. వేరు కదలకుండా నాలుగు ఆకులు త్రుంచుకొని, మొక్కను నేలకే విడిచిపెట్టడం కూడ ఆ అర్చనలో భాగమే.