జనగామ దుకాణములో అంబాసిడరు పరీక్ష

హైదరాబాదునుండి వరంగల్లునకు పోవు రహదారిమీది జనగామలో, మహబూబాబాదునుండియు భూపాలపల్లినుండియు పాతబండ్లు వెదకికొని వచ్చెడు ఒక ఆటో ఎలక్ట్రీషియను దుకాణమును చూడబోయితిని. అప్పటికే భూపాలపల్లి అంబాసిడరొకటి బానెటు తెరచుకొని నిలిచియుండెను. 2014లో నిర్మాణము నిలిచిపోయిన ఆ జాతి కారును ప్రాణప్రదముగా కాపాడుకొనుచున్న విశ్రాంతోపాధ్యాయుడు, ఏడాది తిరుగకమునుపే రెండు బ్యాటరీలు మార్చినను తెల్లవారుసరికి సెల్ఫు తిరుగక, వీధివారిచే తోయించుకొనవలసి వచ్చుచున్నదని నిట్టూర్చెను.

మేస్త్రీ దేనినియు విప్పలేదు, మీటరు అందుకొనెను. ఇంజను నడుచునపుడు బ్యాటరీవద్ద 13.8కును 14.4కును నడుమ నిలువవలసిన వోల్టేజి, 12.4 దాటలేదు.

"సార్, బ్యాటరీ తప్పేం లేదు. దానికి కరెంటే అందుతలేదు."

భూపాలపల్లి చెంతనున్న చెల్పూరు విద్యుత్కేంద్రములో బొగ్గుమంటచే టర్బైను తిరిగి విద్యుత్తు పుట్టుటకును, ఈ కారులో బెల్టుచే ఆల్టర్నేటరు తిరిగి విద్యుత్తు పుట్టుటకును మూలము 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే. పూర్వపు అంబాసిడర్లలోని డైనమో, ఇంజను మెల్లగా తిరుగునపుడు ఇంచుమించు ఏమియు నీయదు గనుక, బ్యాటరీ విద్యుత్తు వెనుకకు పారకుండ కటౌటు అడ్డుపడెడిది. తరువాత వచ్చిన ఆల్టర్నేటరులో డయోడులు ఆ కాపలా కాయుచునే ఏకాంతర విద్యుత్తును ఏకముఖముగా మార్చును. అందుచేతనే, ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగ ఊడబెరికి పరీక్షించెడు పాత అలవాటును మేస్త్రీ తన శిష్యులకు నిషేధించినాడు; డైనమో బండ్లలో ఎట్లో చెల్లిన ఆ సాహసము, ఆల్టర్నేటరున్న బండిలో వోల్టేజిని ఒక్కుమ్మడి పెంచి డయోడులను కాల్చివేయగలదు.

బెల్టు బిగువును వ్రేలితో నొక్కి చూచెను. ఇగ్నిషను త్రిప్పగా ఎర్రదీపము వెలిగెను. ఆ చిన్న బల్బు మాడిపోయినచో దాని మార్గమున అందవలసిన తొలి విద్యుత్తు అందక, ఆల్టర్నేటరు పని మొదలుపెట్టకపోవచ్చును. పిమ్మట ఆల్టర్నేటరువద్దనే కొలిచిన 14.2 కనబడెను. అనగా పుట్టిన వోల్టేజి త్రోవలో 1.8 మేర నశించుచున్నది! ధన తీగ పొడవున పోయినది 0.1 మాత్రమే; తక్కిన 1.7, ఇంజను ఒంటికిని బ్యాటరీ ఋణ టర్మినలుకును నడుమ పట్టుబడెను. ఇంజనును చాసిసుకు కలిపెడు ఎర్తుపట్టీ క్రింద నట్టు త్రుప్పుపట్టి యుండెను. సెల్ఫునకు వలయు ప్రవాహమంతయు మరలి రావలసిన దారియు అదియే గదా.

దానిని విప్పి, గరుకుకాగితముతో లోహము మెరయునంతవరకు రుద్ది బిగించిన పిదప బ్యాటరీవద్ద 14 పలికెను. కొలువకయే సామాను మార్పించుట బండియజమానికి చేయు అన్యాయమని నేను దృఢముగా నమ్ముదును. రెండు బ్యాటరీల మూల్యముతో తీరని జాడ్యము ఇచ్చట ఒక నట్టు శుభ్రపరచుటతో తీరినది.

అయినను మేస్త్రీ తృప్తినొందక, హెడ్‌లైట్లు వెలిగించి, ఆ భారముమీద మరల కొలిచెను. ఉపాధ్యాయుడు జేబు తడవుకొనుచు లేవబోగా ఆయన వారించెను.

"బండి ఆపినంక గూడ ఏదన్న కరెంటు గుంజుతున్నదేమో సూస్త సార్. జర కూసోండ్రి."