మూసాపేట బాల్కనీల్లో ఆర్కిడ్ల ముచ్చట

మూసాపేట అనగానే పూలతోట గుర్తొచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. గుర్తొచ్చేదల్లా హైవే మీద బస్సుల రద్దీ, హారన్ల మోత, నెత్తిమీద నుంచి పోయే మెట్రో రైలు. ఒక పక్క భరత్‌నగర్ మార్కెట్టు, ఇంకో పక్క కూకట్‌పల్లి. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. 2022 జూన్‌లో కైతలాపూర్ వంతెన తెరిచాక హైటెక్ సిటీ మరీ దగ్గరైపోయింది. ఒకప్పుడు ఊరి బయట పల్లె అనిపించుకున్న మూసాపేటలో ఇప్పుడు ఇంటికి ఇల్లు ఆనుకునే ఉంటుంది. పెరడు అన్న మాట పాత కబుర్లలోదే. ఇల్లాలికి మిగిలింది బట్టలు ఆరేసుకునే నాలుగడుగుల బాల్కనీ.

అయినా తీరిక చేసుకుని ఒక సాయంత్రం సందుల్లోకి నడిచి తల పైకెత్తి చూడండి. తులసి కుండీ, కరివేపాకు, మనీప్లాంటు సరే. వాటి మధ్య అక్కడక్కడా ఊదారంగు పూలకొమ్మ ఒకటి వంగి కనిపిస్తుంది. అది ఆర్కిడ్. పెళ్లిమండపాల్లోనూ పెద్ద హోటళ్లలోనూ కనిపించే ఈ పువ్వు మన బాల్కనీకి కూడా వచ్చేసింది.

"మాకే రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి. ఎండాకాలం బోరు అడుగంటితే ట్యాంకరు చెప్పుకోవాలి. పూలమొక్కలకు నీళ్లెక్కడ తెచ్చేది వదినా?" అంటారేమో. న్యాయమైన ప్రశ్నే. కానీ నీళ్లు లెక్కపెట్టుకుని వాడే ఇంటికి ఆర్కిడ్‌ను మించిన పూలమొక్క లేదు. ఇది నీళ్లు చాలక చచ్చేదానికన్నా ఎక్కువై చచ్చేదే ఎక్కువ!

ఎందుకంటారా? మనం పెంచే ఆర్కిడ్లలో ఎక్కువ రకాలు నేలలో పుట్టినవి కావు. అడవిలో చెట్టుకొమ్మలను పట్టుకుని, వేళ్లను గాలికి వదిలేసి బతుకుతాయి. ఆ వేళ్ల చుట్టూ స్పాంజిలాంటి తెల్లటి పొర ఉంటుంది. వాన పడగానే అది నీటిని పీల్చుకుని, గాలికి తొందరగా ఆరిపోతుంది. అలాంటి వేళ్లను తీసుకెళ్లి ఎర్రమట్టిలో పాతి, ప్రేమకొద్దీ పొద్దున చెంబెడు, సాయంత్రం చెంబెడు పోస్తే ఊపిరాడక కుళ్లిపోవా మరి?

ఇదేదో విదేశీ మొక్క అనుకోనక్కర్లేదు. మన మామిడిచెట్ల మీద, ఇప్పచెట్ల మీద తనంతట తాను పెరిగే ఆర్కిడ్ ఒకటుంది. పసుపు, గోధుమరంగు గళ్ల రేకులు, మధ్యలో నీలిఛాయ, మంచి వాసన. శాస్త్రజ్ఞులు దాన్ని వాండా టెస్సెలేటా అంటారు. వాండా అన్న మాట మన సంస్కృతపు 'వందా' నుంచి వెళ్లిందే. సామర్లకోటలో ఉండి మన మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో అచ్చయిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీన్ని బొమ్మతో సహా వర్ణించాడు. పల్లెల్లో దీన్ని కూడా బదనిక అనే అంటారు. కానీ అసలు బదనిక చెట్టు రసం పీలుస్తుంది. ఆర్కిడ్ మాత్రం కొమ్మమీద కూర్చుంటుందంతే. తన నీళ్లు వానలోనూ మంచులోనూ తానే వెతుక్కుంటుంది.

ఇక మూసాపేట ఎండకు ఏది పెంచాలి? మొదటిసారి పెంచేవారికి డెండ్రోబియం మంచిది. చెరుకుగడల్లాంటి దాని కాడల్లో నీరు దాచుకుంటుంది. ఒక పూట మీరు మరిచినా కోపగించుకోదు. సీతాకోకచిలుక రెక్కల్లాంటి పూలున్న ఫెలనాప్సిస్ అందంగా ఉంటుంది గానీ దానికి అలా దాచుకునే కాడలు లేవు. నేరుగా ఎండ తగలని కిటికీ దగ్గర పెట్టాలి. వాండాను చెక్కబుట్టలో వేళ్లు వేలాడేలా కడతారు. వేసవిలో దానికి రోజూ తడి కావాలి. సింబీడియం చలిప్రాంతాలది, మన ఉక్కకు అది వద్దు.

కుండీకి చుట్టూ చిల్లులుండాలి. మట్టి అసలు వద్దు. కట్టెబొగ్గు ముక్కలు, ఇటుక పెంకులు, కొబ్బరి పీచు చాలు. పూజకు కొట్టిన కొబ్బరికాయ పీచును నానబెట్టి, రెండుమూడుసార్లు నీళ్లు మార్చి, ఆరబెట్టి వాడుకోండి.

నీళ్లు ఎప్పుడు పోయాలో వేళ్లే చెబుతాయి. తడిసిన వేరు పచ్చగా ఉంటుంది, ఆరితే వెండిరంగుకు తిరుగుతుంది. వెండిరంగు కనిపించాకే నీళ్లు. చిన్న కుండీకి గ్లాసు, గ్లాసున్నర చాలు. అదీ పొద్దున్నే, సాయంత్రానికి ఆకులు ఆరిపోయేలా. మొవ్వులో నీళ్లు నిలిస్తే దూదితో అద్దేయండి, లేకపోతే అక్కడే కుళ్లు మొదలవుతుంది.

ఏ నీళ్లన్నదే అసలు చిక్కు. బోరునీళ్లు కాచి కాచి గీజరు కాయిలు మీద తెల్లటి పెచ్చు కడుతుంది, చూశారుగా? ఆ ఉప్పులే వేళ్లమీదా పేరుకుంటాయి. కుళాయి నీళ్లు పట్టి ఒక రాత్రి ఉంచి పోయండి. వాననీళ్లు దొరికితే పండగే. ఏసీ నుంచి కారే నీటిలో ఉప్పులు తక్కువ, కుళాయి నీళ్లతో కలిపి వాడుకోవచ్చు. ఆర్‌వో ఫిల్టరు వదిలేసే నీళ్లలో మాత్రం ఉప్పులు ఇంకా ఎక్కువ. అవి ఇల్లు తుడవడానికి ఉంచండి. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకుకు పోయండి. ఆర్కిడ్‌కు పోస్తే పులిసి బూజు పడుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు మొక్కకు కావలసింది వేళ్ల దగ్గర నీళ్లకన్నా చుట్టూ చల్లటి గాలి. వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు పరిచి, రాళ్లు మునగకుండా నీళ్లు పోసి, పైన కుండీ పెట్టండి. నాలుగు మొక్కలు దగ్గరగా ఉంటే ఒకదానికొకటి చలవ. డాబా ఉన్నవాళ్లు ప్లాస్టిక్ షీటు కప్పితే లోపల ఉడికిపోతాయి. ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టి, పక్కలు గాలికి వదిలేయండి. వర్షాకాలంలో మాత్రం చూరు కిందకు జరపాలి.

మొక్కలు నెక్లెస్ రోడ్డులో జరిగే నర్సరీ మేళాలోనో కడియం వైపు వెళ్లినప్పుడో తెచ్చుకోవచ్చు. అడవినుంచి పీకి తెచ్చినవి మాత్రం చవగ్గా ఇచ్చినా కొనకండి. ఒక్క ఆర్కిడ్ కాయలో దుమ్ములాంటి గింజలు లక్షల్లో ఉన్నా, తగిన బూజు తోడు దొరికితేగానీ అడవిలో ఒక్కటీ మొలవదు. పీకిన చోట మళ్లీ పుట్టడం అంత కష్టం. ప్రయోగశాలల్లో పెంచిన పిల్లమొక్కలు ఇప్పుడు సులువుగానే దొరుకుతున్నాయి.

ఇంటితోటలో ఏం సాధిస్తాంలే అనుకోకండి. సింగపూరులో ఆగ్నెస్ జోకిమ్ అనే ఆవిడ ఇంటితోటలో పుట్టి 1893లో లోకానికి తెలిసిన వాండా, 1981లో ఆ దేశానికే జాతీయపుష్పమైంది. మన బాల్కనీ పువ్వుకు అంత పేరు రాకపోవచ్చు. కానీ ఒక్కసారి విచ్చుకుంటే డెండ్రోబియం వారాల తరబడి వాడదు. పక్క ఫ్లాటావిడ ఆగి, "ఏం పోస్తున్నారండీ దీనికి?" అని అడగకుండా పోదు.

గుర్తుంచుకోండి

• వేరు పచ్చగా ఉంటే ఆగండి, వెండిరంగైతే పోయండి.

• కుండీ కింద సాసరులో నీళ్లు నిలవనివ్వకండి.

• ఒకే బకెట్టులో అన్ని మొక్కలనూ ముంచకండి, ఒకదాని తెగులు ఇంకోదానికి అంటుకుంటుంది.

• 19-19-19 ఎరువు లీటరు నీటికి గ్రాము మించకూడదు, అదీ వేళ్లు తడిపాకే. నెలకోసారి ఉత్త మంచినీళ్లతో కుండీ అంతా కడిగేయండి.

• పూలు రాలిపోయాయని డెండ్రోబియం కాడను కోసేయకండి. పచ్చగా ఉన్నంతకాలం అదే మొక్కకు నీటికుండ.